కలలమా, కలిలమా?

పెదవాల్తేరు:
మొన్న మా చెల్లికి తోడుగా ఐవీఎఫ్ సెంటరుకి వెళ్తే డాక్టరమ్మ "5వ రోజుకి బ్లాస్టోసిస్ట్ అవుతుంది, అప్పుడు గర్భసంచిలో పెడతాం" అన్నారు. అప్పట్నుంచి మా తాతగారు చదివే శ్లోకం ముక్క బుర్రలో తిరుగుతూనే ఉంది. "…ఏకరాత్రేణ పంచరాత్రేణ బుద్బుదమ్", భాగవతం మూడో స్కంధం, కపిలుడు తల్లికి చెప్పేది: గర్భంలో పిండం ఒక రాత్రికి ఏదో అవుతుంది, ఐదు రాత్రులకి బుడగ (బుద్బుదం) అవుతుంది అని. మొదటి మాట కలలమా, కలిలమా? ఆయన "లి" అనేవారనే నా జ్ఞాపకం.

మాస్టారు, ఎంవీపీ కాలనీ:
కలలమే, సందేహం వద్దు. "కలలం త్వేకరాత్రేణ". అమరకోశం (సంస్కృత నిఘంటువు)లో "ఉల్బం చ కలలోఽస్త్రియామ్" అని ఉండగా "లి" ఎక్కణ్ణించి వచ్చింది బాబూ?

గాజువాక:
గీతలో "మోహకలిలం" మర్చిపోయారా మాస్టారూ? కలగలిసి చిక్కబడినది కలిలం. శుక్రశోణితాల కలయికకి అంతకన్నా మంచి మాట ఏముంది? పైగా మీ "త్వే"లో (తు + ఏ) ఉన్న "తు" పాదపూరణానికే, తీసేసినా 8 అక్షరాలే.

మాస్టారు:
తీసి చదవండి మరి: "కలలమేకరాత్రేణ". 2, 3 అక్షరాలు రెండూ లఘువులైపోయాయి, ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, అది ఒప్పుకోదు. ఆ "తు" వల్లే మూడోది గురువయింది.

గాజువాక:
అది ఒప్పుకున్నా. కానీ ల అయినా లి అయినా లఘువే కదా, ఛందస్సు మీ పక్షాన సాక్ష్యం చెప్పదు.

సీతమ్మధార:
నేను పిండాలు పెంచే ల్యాబులోనే పనిచేస్తాను, ఒక మాట. ఫలదీకరణ జరిగి ఒక రాత్రి గడిచాక మైక్రోస్కోపులో చూస్తే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, 2 ప్రాక్కేంద్రకాలు పక్కపక్కనే ఉంటాయి, ఇంకా కలిసిపోవు. అంచేత "కలగలిసింది" అనే అర్థం ఆ రాత్రికి నప్పదు. మాస్టారికి ఒక ఓటు.

గాజువాక:
అమ్మా, కపిలుడు మైక్రోస్కోపు పెట్టుకుని చెప్పలేదు, ద్రవాల సంగతి చెప్పాడు :)

భీమిలి:
మూడో స్కంధం అంటే పోతన సొంత చేతిది (5 గంగన, 6 సింగన, 11, 12 నారయ రాశారు). కానీ పిండం పెరగడం అంటే నాకు ఎనిమిదో స్కంధంలో వామనుడే గుర్తొస్తాడు, "ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దానింతై నభోవీధిపై". ఆ "ఇంత"లు నోట్లో పడితే ఇంక వేరే పద్యం రుచించదు.

సీతమ్మధార:
మొదటి 5 రోజులూ ఇంతింతై కాదండీ, ఇంతే! 2వ రోజుకి 4 కణాలు, 3వ రోజుకి 8, కానీ మొత్తం దాదాపు అదే 0.1 మిల్లీమీటరు, పైపొర లోపలే ముక్కలవుతూ ఉంటుంది. 4వ రోజుది మొరులా, అంటే లాటిన్లో మల్బరీ పండు. 5వ రోజుకి లోపల నీరు చేరి నిజంగానే బుడగ, అదే బ్లాస్టోసిస్ట్.

పెదవాల్తేరు:
అయితే పంచరాత్రేణ బుద్బుదం అచ్చంగా కుదిరినట్టేగా!

మాస్టారు:
తొందరపడకు. గర్భోపనిషత్తులో బుద్బుదానికి 7 రాత్రులు. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడైతే మొదటి నెలంతా కలలమే అన్నాడు.

సీతమ్మధార:
పైగా భాగవతంలోనే 10 రోజులకి "కర్కంధూః", రేగుపండు. అప్పటికి అది గర్భసంచి గోడలో కూరుకుంటూ ఉంటుంది, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

గాజువాక:
రేగుపండంత అని ఎవరన్నారు? రేగుపండులా గట్టిపడిందని ఎందుకు అనుకోకూడదు? అయినా ఏ రాత్రి నుంచి లెక్క? శుక్రకణం లోపల 5 రోజులదాకా బతకొచ్చు, అండానికి ఒక్క రోజే ఆయుష్షు.

భీమిలి:
లెక్క అంటే గుర్తొచ్చింది. నెల తప్పగానే డాక్టర్లు 4 వారాలంటారు, లోపలి ప్రాణికి నిండా 2 వారాలే. ఇంతకీ "నీళ్లోసుకుంది" అని ఎందుకంటారు? ఏ నీళ్లు?

మాస్టారు:
అది వేరే చర్చ పెట్టండి, నా దగ్గర 2 వాదాలున్నాయి.

పెదవాల్తేరు:
అటక మీంచి తాతగారి పుస్తకం దింపాను. సముద్రం తేమకి పేజీలు అతుక్కుపోయాయి. మెల్లగా విడదీస్తే ఆ శ్లోకం దొరికింది, సరిగ్గా రెండో అక్షరం నెత్తిన పురుగు కన్నం. గుడి ఉందో లేదో తెలియట్లేదు. ఫోటో పెడుతున్నాను.

గాజువాక:
పెద్దది చేసి చూశా. కన్నం అంచున వంపు కనిపిస్తోంది, గుడే.

మాస్టారు:
అది పురుగు తిన్న అంచు నాయనా.