అప్‌డేట్: మా చెల్లి మెడ ఆపరేషన్ అయింది

పుట్టుకతోనే మెడ కుడివైపు వాలి, గడ్డం ఎడమకు తిరిగి ఉన్న మా చెల్లికి 23 ఏళ్లకు ఆపరేషన్ పనికొస్తుందా, వెన్ను వంకర కూడా పోతుందా అని అడిగాను కదా. గత నెల చేయించాం.

ముందు ఎక్స్‌రే, ఎంఆర్ఐ తీశారు. మెడ ఎముకల్లో పుట్టు లోపం లేదు, కుడి కండరమే తాడులా బిగుసుకుపోయింది. చెవి వెనక ఒకచోట, కాలర్ ఎముక దగ్గర ఒకచోట కోసి దాన్ని వదులు చేశారు. చెవి దగ్గరే ముఖాన్ని కదిలించే నరం ఉంటుందని నాకు ఒకటే టెన్షన్. మెలకువ రాగానే "నవ్వవే" అన్నాను. పెదవులు రెండు వైపులా కదిలాయి. ఏడ్చేశాను.

అసలు కష్టం ఆ తర్వాతే. మెడకు కాలర్, రోజూ ఫిజియోథెరపీ. తలను ఎడమకు వంచి, గడ్డం కుడికి తిప్పి సాగదీస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి పాపం. మానేస్తే మళ్లీ బిగుసుకునే ప్రమాదం ఉందట.

వెన్ను సంగతి: వాలిన తలను నిలబెట్టుకోవడానికి ఏర్పడిన వంపు కొంత తగ్గొచ్చు, ఎముకలో గట్టిపడింది మాత్రం పోదన్నారు. తల వాలి ఉండడంతో ముఖం రెండు వైపుల మధ్య వచ్చిన తేడా కూడా అంతే. పసితనంలోనే చూపించి ఉంటే చాలావరకు వ్యాయామాలతోనే సరిపోయేదట. "పెరిగితే అదే సర్దుకుంటుంది" అన్న మాట నమ్మాం, ఆ బాధ నాకు పోదు.

నిన్న అద్దం ముందు నిలబడి మొదటిసారి నడి పాపిట తీసుకుంది.