అప్‌డేట్: ట్రీ వ్యూలో ఒక నోడ్ నొక్కితే మరొకటి తెరుచుకునే సమస్య తీరింది

ఒడిశా జిల్లాలను, బాణం గుర్తు నొక్కితే వాటి కింద బ్లాకులను (జిల్లాలోని పాలనా విభాగాలను) కొమ్మల్లా చూపే నా వెబ్ పేజీ జాబితా (ట్రీ వ్యూ) సంగతి ఇది. గజపతి జిల్లాను ముందుగా తెరిచి, ఆ తర్వాత రాయగడ జిల్లా పక్కనున్న బాణం గుర్తు నొక్కితే, దాని బ్లాకులు రాకుండా పైన వేరే నోడ్ (జాబితాలోని మరో అంశం) తెరుచుకుంటోందని పర్లాకిమిడి నుండి లోగడ అడిగినది నేనే. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

నోడ్‌ల ఐడీలన్నిటినీ (పేజీలో ఒక్కోదాన్ని గుర్తించే పేర్లను) బ్రౌజర్‌లో తప్పులు వెతికే కన్సోల్‌లో చూడమన్న సలహాతో గుట్టు తెలిసింది: గజపతి జిల్లాలోనూ రాయగడ అనే బ్లాకు ఉన్నది, నేనేమో పేరునే ఐడీగా వాడాను. ఒకే ఐడీ రెండు చోట్ల ఉంటే, ఐడీని బట్టి అంశాన్ని వెతికే జావాస్క్రిప్ట్ ఆదేశం గెట్‌ఎలిమెంట్‌బైఐడీ పేజీలో ముందు వచ్చేదానినే ఇస్తుంది కనుక, జిల్లాను నొక్కినా బ్లాకే విచ్చుకునేది. గజపతి తెరవకపోతే ఆ బ్లాకు పేజీలోకే రాదు కాబట్టి అప్పుడు అంతా సవ్యంగా కనిపించేది. ఐడీలో జిల్లా పేరును కూడా చేర్చగానే సరిపోయింది. రెండు రోజులు తుడిచిన బ్రౌజర్ క్యాషేకు (అది దాచుకునే పాత ప్రతులకు), అనుమానించిన ఒడియా ఫాంటుకు దీనితో ఏ సంబంధమూ లేదు.