టారో పేకలను బొమ్మల కోసం సేకరిస్తున్నాను: కొనే ముందు ఏ ముక్కలు చూడాలి?

కొత్త సేకర్త

అందరికీ నమస్కారం. నాలుగు నెలల క్రితం వరకు టారో అంటే జోస్యం చెప్పేవారి బల్ల మీద ఉండే వస్తువు అనుకునేదాన్ని. ఒక స్నేహితురాలి ఇంట్లో, 1909లో లండన్‌లో వెలువడిన రైడర్ పేక పునర్ముద్రణను తిరగేస్తూ కత్తుల మూడు దగ్గర ఆగిపోయాను. బూడిద రంగు మబ్బులు, ఏటవాలుగా పడుతున్న వాన, నడుమ ఎర్రని గుండె, దానిలో దిగిన మూడు కత్తులు. మనిషి లేడు, ముఖం లేదు, అయినా ఆ దుఃఖం ఎవరిదో నాకు తెలిసినట్టే అనిపించింది. అప్పటి నుంచి ఏడు పేకలు కొన్నాను. జాతకాల మీద నాకు ఆసక్తి లేదు, బొమ్మలే కావాలి.

ఇబ్బంది ఏమిటంటే, అమ్మేవారు చూపించే నాలుగైదు అందమైన ముక్కలను చూసి మురిసిపోయి కొంటున్నాను; ఇంటికి వచ్చాక మిగిలినవి చప్పగా ఉంటున్నాయి. కొనే ముందు ఏమి చూడాలి? నకిలీలను గుర్తించడం ఎలా? మాది విశాఖపట్నం కాబట్టి చెమ్మ భయం కూడా ఉంది. మా అమ్మమ్మగారు మాత్రం ఇవన్నీ చూసి, "ఇన్ని ముక్కలతో రమ్మీ ఎలా ఆడతారే?" అని అడిగారు.

పాత అట్టపెట్టె

మీ అమ్మమ్మగారు అడిగినదే అసలైన ప్రశ్న. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇది పుట్టినది ఆటగానే. కత్తులు, పాత్రలు, నాణేలు, కర్రలు అనే నాలుగు రంగులకు పద్నాలుగేసి చొప్పున 56 ముక్కలు, వాటిని కోయడానికి 22 బొమ్మ ముక్కలు, వెరసి 78. ఆ బొమ్మ ముక్కలను ట్రియోన్ఫీ అనేవారు. ఇంగ్లీషు ట్రంప్ దాని నుంచే వచ్చింది, మన తురుపు కూడా దానికి చుట్టమే. ఇది ప్రాచీన ఈజిప్టు రహస్య విద్య అని 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఆధారం లేకుండా రాసిన తరువాతే జోస్యపు కథ ఊపందుకుంది.

ఇక మీ ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: తురుపు ముక్కలను చూసి ఎప్పుడూ కొనకండి. సూర్యుడు, చంద్రుడు, మృత్యువు అంటే ఏ చిత్రకారుడైనా ప్రాణం పెట్టి గీస్తాడు, అమ్మేవారూ వాటినే చూపిస్తారు. మీరు అడిగి చూడవలసినవి ఆసు నుంచి పది వరకు ఉండే నలభై చిన్న ముక్కలు. చిత్రకారుడి దగ్గర చెప్పడానికి ఏమైనా ఉన్నదా, లేక ఇరవై రెండు బొమ్మలతో ఊపిరి అయిపోయిందా అన్నది అక్కడ తేలిపోతుంది.

ఈ చిన్న ముక్కలకు పెద్ద చరిత్రే ఉంది. 1760 నాటి నికొలా కోన్వేర్ పేక వంటి, ఫ్రాన్సులోని మార్సెయ్ సంప్రదాయపు పేకలలో ఎనిమిది పాత్రలంటే, చుట్టూ నాలుగు ఆకులూ పువ్వులూ ఉన్నా, ఎనిమిది పాత్రలే, కథ ఉండదు. దాదాపు 1491 నాటి సోలా బుస్కా పేక ఇందుకు భిన్నం. ప్రస్తుతం మిలాన్‌లోని బ్రేరా చిత్రశాలలో ఉన్న ఆ పేకలో చిన్న ముక్కలకు కూడా మనుషులతో కూడిన దృశ్యాలు ఉన్నాయి. దాని ఛాయాచిత్రాలు బ్రిటిష్ మ్యూజియంకు చేరాక, రైడర్ పేక బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్ వాటిని చూసి ఉంటుందని పరిశోధకులు భావిస్తారు. రెండు పేకలలోని కత్తుల మూడు పక్కపక్కన పెడితే మీకూ అదే అనిపిస్తుంది. మిమ్మల్ని ఆపేసిన ఆ గుండెకు అయిదు వందల ఏళ్లు దాటిన మూలం ఉన్నదన్నమాట.

రహస్య విద్యల మీద పుస్తకాలు రాసిన ఏ. ఈ. వెయిట్ పథకం ఇస్తే రైడర్ పేకలోని 78 బొమ్మలనూ గీసినది పమేలాయే. "చాలా పెద్ద పని, డబ్బు మాత్రం బహు స్వల్పం" అనే అర్థం వచ్చేలా ఆమె 1909లో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్‌కు రాసింది. చాలాకాలం ఆ పేక ప్రచురణకర్త పేరుతోనూ, వెయిట్ పేరుతోనూ చెలామణి అయింది. ఆమె మాత్రం పాములా మెలికలు తిరిగిన సంతకాన్ని ముక్కల మూలల్లో పెట్టి ఊరుకుంది. భూతద్దం పట్టుకొని వెతకండి, కనిపిస్తుంది.

మరొక మాట. పాత పేకల పునర్ముద్రణలు కొంటే, వాటిలో ఏది పాతదో ఏది కొత్తదో అడగండి. 15వ శతాబ్దపు విస్కోంతి-స్ఫోర్జా పేకలో ఈనాటికి మిగిలినవి 74 ముక్కలే: న్యూయార్క్‌లోని మోర్గాన్ గ్రంథాలయంలో 35, బెర్గామోలోని కర్రారా అకాడమీలో 26, ఒక కుటుంబం వద్ద 13. దయ్యం, గోపురం, కత్తుల మూడు, నాణేల రౌతు దొరకలేదు. పెట్టెలో 78 ఉంటే ఆ నాలుగూ ఈ కాలపు చిత్రకారులు ఊహించి వేసినవని గ్రహించాలి.

కుంచె

నకిలీల సంగతి నేను చెబుతాను, దెబ్బ తిన్నవాణ్ని కాబట్టి. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర సగం ధరకు వచ్చిందని సంబరపడి ఒక పేక తెప్పించాను. ముక్కలు అరచేతిలో దాదాపు మామూలు పేకముక్కలంతే ఉన్నాయి, నలుపు రంగు బూడిదలా వెలిసిపోయి ఉంది, అంచుల్లోని అక్షరాలు సగం తెగిపోయాయి. పుస్తకం ఉండవలసిన చోట క్యూఆర్ కోడ్ ముద్రించిన చీటీ ఒకటి పెట్టారు. సొమ్ము తిరిగి రాలేదు. కాబట్టి ముక్క కొలతలు, పుస్తకం ఉన్నదా లేదా, ప్రచురణకర్త పేరు, ఈ మూడూ ముందే అడగండి.

అయితే ఒక తేడా గమనించాలి. పమేలా 1951లో మరణించారు. చిత్రకారుల మరణానంతరం 60 ఏళ్ల వరకే హక్కులు ఉంటాయి కనుక, మన దేశంలో 1909 నాటి బొమ్మలను ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అది చౌకబారు ముద్రణ కావచ్చు గానీ దొంగతనం కాదు. హక్కుల గడువు ఇంకా తీరని చిత్రకారుల పేకలకు నకలు తీయడమే దొంగతనం.

చెమ్మకు: గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, నెలకొకసారి తీసి చూడటం. రబ్బరు బ్యాండు మాత్రం వేయవద్దు, అంచులు నొక్కుకుపోతాయి.

గుండ్రని చీటీ

విషయం పూర్తిగా అదే కాదు గానీ, బొమ్మల కోసమే అంటున్నారు కనుక గంజీఫాను, అంటే చేత్తో బొమ్మలు వేసే మన పాతకాలపు గుండ్రని పేకను, కూడా మనసులో ఉంచుకోండి. దశావతార గంజీఫాలో పది అవతారాలకు పది రంగులు; ఒక్కో రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు చిన్న ముక్కలు, మొత్తం 120 గుండ్రని చీట్లు. పాత అట్టపెట్టె గారి సూత్రం ఇక్కడ మరింత బాగా పనిచేస్తుంది. మత్స్యం రంగులో పది అంటే పది చేపలు గీయాలి. ఆ పది చేపలనూ అంత చిన్న వలయంలో ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా ఈదించడంలోనే చెయ్యి తిరిగినతనం తెలుస్తుంది. మహారాష్ట్రలోని సావంత్‌వాడి రాజభవనంలోనూ, బెంగాల్‌లోని బిష్ణుపూర్‌లోనూ, ఒడిశాలోని రఘురాజ్‌పూర్‌లోనూ ఇప్పటికీ చేత్తో వేస్తున్నారు. విశాఖ నుంచి రఘురాజ్‌పూర్ ఒక రాత్రి రైలు ప్రయాణమే, పూరీ దగ్గర.

కొత్త సేకర్త

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఏడు పేకల నుంచీ పాత్రల ఎనిమిదిని తీసి వరుసగా నేల మీద పరిచాను. పమేలా బొమ్మలో ఒక మనిషి ఎర్రని వస్త్రంతో, చేతికర్రతో, మనకు వీపు చూపి కొండల వైపు వెళ్లిపోతుంటాడు. వెనుక పేర్చిన పాత్రల పై వరుసలో ఒక పాత్ర పట్టేంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని నేను ఇదివరకు చూడనేలేదు. మిగిలిన ఆరింటిలో నాలుగు ఆ మనిషినే తెచ్చుకున్నాయి: ఒకదానిలో అతను పిల్లి, మరొకదానిలో అంతరిక్ష యాత్రికుడు. నాలుగింటిలోనూ పాత్రలు నిండుగా పేర్చి ఉన్నాయి. ఖాళీ ఎవరికీ పట్టలేదు. అయిదవది మార్సెయ్ పేక, ఎనిమిది పాత్రలే, కానీ నాకు నచ్చింది. ఆరవదానిలో పాత్రలు బోర్లించి ఉన్నాయి, మనిషి లేడు, తడి ఇసుకలో అడుగుల గుర్తులు మాత్రం ఉన్నాయి. దాన్ని కొన్న రోజున తురుపు ముక్కలు బాగా లేవని పెట్టెలోనే పడేశాను. ఆ నాలుగు పేకలనూ ఎవరికైనా ఇచ్చేద్దామని అనుకుంటున్నాను. పిల్లి పేకను మాత్రం అమ్మమ్మ అడిగి తీసుకున్నారు.