బెల్లీ డాన్స్: క్లాసు నుంచి స్టేజీ దాకా మీరెలా వచ్చారు?

కొత్తడుగు:
అందరికీ నమస్తే. ఏదో ఒక వ్యాయామం ఉంటే మంచిదని చేరాను, ఇప్పుడు పొద్దస్తమానం అదే ధ్యాస. విద్యార్థుల కార్యక్రమంలో ఒక్కదాన్నే చెయ్యమని మా టీచర్ అంటున్నారు. హిప్ డ్రాప్ (తుంటిని ఒక్కసారిగా కిందికి దించడం), తుంటితో ఎనిమిది అంకె తిప్పడం, షిమ్మీ (తుంటిని వేగంగా వణికించడం) విడివిడిగా వచ్చు. పాట మొదలవగానే ఏది ఎక్కడ వెయ్యాలో తోచడం లేదు. స్టేజీ ఎక్కినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

డుమ్‌టెక్:
ముందు తాళం చెవికెక్కాలండీ. దర్బుకా అనే అరబీ డోలు మీద ముఖ్యమైనవి రెండే దెబ్బలు. చర్మం మధ్యలో బరువుగా మోగేది డుమ్, అంచున గలగలమనేది టెక్. మక్సూమ్ అనే తాళం ఇలా నడుస్తుంది: డుమ్ టెక్, టెక్ డుమ్, టెక్. సయీదీకి వచ్చేసరికి డుమ్ టెక్, డుమ్ డుమ్, టెక్. తేడా ఒక్క దెబ్బే. కానీ ఆ జంట డుమ్‌ల దగ్గర ఒళ్లు దానంతటదే నేలకి దిగుతుంది. మల్ఫూఫ్ రెండు మాత్రల పరుగు, స్టేజీ మీదకి వచ్చేటప్పుడు బాగుంటుంది. నేను చాన్నాళ్లు డాన్స్ మానేసి నోటితో ఈ దెబ్బలు చెప్పుకుంటూ నడిచాను. ఆ తర్వాతే, ఏ స్టెప్పు వెయ్యాలన్న వెతుకులాట తగ్గింది.

నీలికొంగు:
నేను శాస్త్రీయ నృత్యం నుంచి వచ్చాను. పాదం గట్టిగా కొట్టడం అలవాటైన ఒంటికి ఈ మెత్తదనం రావడం కష్టం. ఈజిప్షియన్ షిమ్మీ పుట్టేది మోకాళ్లలో. ఒకటి వంగుతుంటే ఇంకోటి చాచుకోవాలి, తుంటి కండరాలు వదులుగా ఉండాలి. బిగిస్తే అక్కడే ఆగిపోతుంది. నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెరిగినా ఊపిరి ఆడుతోందో లేదో చూసుకోండి. భయం వేసినప్పుడు ముందు బిగుసుకునేవి అవే మోకాళ్లు.

రాగమాల:
డుమ్‌టెక్ గారు చెప్పింది నిజమే, అయితే తాళం సగమే. నెయ్, ఊద్, కానూన్, వయొలిన్ లాంటి ఒక్క వాద్యమే తాళం లేకుండా సాగే చోటుని తక్సీమ్ అంటారు. అక్కడ డుమ్ కోసం ఎదురుచూస్తే బొమ్మలా నిలబడిపోతారు. ఆ వాద్యం గొంతు ఎటు పోతే నడుము అటు పోవాలి.
పాడినవాళ్లెవరో, పాటకి అర్థమేమిటో తెలుసుకున్నాకే ఎంచుకోండి. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్ విరహాన్ని పాడుతుంటే మనం చెవులదాకా నవ్వుతూ నిలబడితే, అరబీ తెలిసిన ప్రేక్షకుడికి ప్రాణం చివుక్కుమంటుంది. ఆ భాషకి, ఆ జనానికి మనమివ్వాల్సిన కనీస మర్యాద అది.
వీలైతే పాత ఈజిప్షియన్ సినిమాల్లో నర్తకీమణులు తహియా కారియోకాని, సామియా గమాల్‌ని చూడండి. ఇద్దరూ 1926లో కైరోలో బదియా మసాబ్ని అనే ఆవిడ తెరిచిన నృత్యశాల నుంచి పైకి వచ్చినవాళ్లే. కారియోకా ఉన్నచోటే నిలబడి తుంటి చిన్న కదలికతో కట్టిపడేస్తుంది, సామియా చేతులు చాచి స్టేజీ అంతా తిరుగుతుంది. ఎవరి దారి వారిది. మీ ఒళ్లు ఎటు మొగ్గుతుందో చూసుకోండి.

కొత్తడుగు:
అక్కా, చాలా మంచి మాట చెప్పారు. మరి ముందే కూర్చి పెట్టుకోవాలా, అప్పటికప్పుడు చెయ్యాలా? ఇంకో సంగతి, పొట్ట కనిపించే దుస్తులంటే మా ఇంట్లో ఒప్పుకోరు. నాకూ అంత ఇష్టం లేదు.

డుమ్‌టెక్:
అప్పటికప్పుడే చెయ్యండి. ప్రాణమంతా అందులోనే ఉంది.

నీలికొంగు:
మొదటిసారికి నేనొప్పుకోను. దీపాలు కళ్లలో పడితే నేర్చిందంతా ఎగిరిపోతుంది. రాక, ముగింపు, మధ్యలో పాట మారే చోట్లు ముందే ఖాయం చేసుకుని మిగతాది వదిలెయ్యండి.
దుస్తుల గురించి దిగులొద్దు. బలదీ, సయీదీ అనే ఈజిప్టు జానపద పద్ధతుల నృత్యాలు పాదాల దాకా ఉండే నిలువు గౌనులోనే చేస్తారు, తుంటికి ఒక గుడ్డ కడితే చాలు. ఏది వేసుకున్నా అదే బట్టల్లో, అదే బెల్టు బరువుతో సాధన చెయ్యండి. పూసల బెల్టు గౌనుకి పిన్నులతో బిగించకపోతే షిమ్మీకి పైకి పాకుతుంది.

రాగమాల:
ముందుముందు రెస్టారెంట్లలో చెయ్యాలనుకుంటే ఒక్క మాట. సరదా కదా అని ఉచితంగా ఒప్పుకోవద్దు. దాని మీద బతికే నర్తకి ఆ రాత్రి కూలి పోగొట్టుకుంటుంది. తగినంత అనుభవం వచ్చేదాకా మనవాళ్ల మధ్య జరిగే హఫ్లాల్లో (చిన్న నృత్య వేడుకల్లో) ఎన్నిసార్లయినా చెయ్యండి. చూసేవాళ్లు కూడా నేర్చుకుంటున్నవాళ్లే గనక చప్పట్లు సరైన చోట పడతాయి.

కొత్తడుగు:
సరే, బలదీ, నిలువు గౌను ఖాయం. అకార్డియన్‌తో నెమ్మదిగా మొదలై తర్వాత తాళంలో పడే ముక్క దొరికింది. నిడివి ఎంత ఉంటే బాగుంటుంది?

డుమ్‌టెక్:
మొదటి సోలోకి మూడు, నాలుగు నిమిషాలు. పాట రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకుని, సౌండ్ చూసే అతనికి ముందే వినిపించండి. అకార్డియన్ మొదట్లో చాలా సన్నగా ఉంటుంది, శబ్దం పెంచమని మీరే అడగాలి.