సమస్యాపూరణం: ముగిసినట్టి బొంత మొదలు పెట్టె

నిర్వాహకురాలు:
పెద్దమ్మ గది సర్దుతుంటే మంచం కింద మడత విప్పని బొంత ఒకటి దొరికింది. పనిలో పనిగా ఈ పాదం నోటికొచ్చి కూర్చుంది. ఇది చివరి పాదంగా వచ్చేలా పద్యం రాయండి. వారం గడువు.

ముగిసినట్టి బొంత మొదలు పెట్టె

గోరంట:
నడుమ దూది పరచి నలుచదరము గుట్టి
పక్క నుంచె నట్లు పదియు రెండు
దేని కదియె చూడఁ దీరిన బొంతయే
ముగిసినట్టి బొంత మొదలు పెట్టె.

షికాగో చలికి మా అమ్మాయి కోసం కుడుతున్నా. ఇంట్లో కుట్టుమిషను కింద పెద్ద బొంత తిప్పడం కష్టం. అందుకే పైన పేలికలు, మధ్యన దూది, అడుగున గుడ్డ, మూడూ కలిపి ఒక్కో చదరాన్నీ విడిగా కుట్టేసి ఆఖర్న అతుకుతాను. 12 చదరాలూ అయిపోయాయి, బొంత ఇవాళే మొదలైంది.

పినాకిని:
మూడో పాదానికి దండం పెట్టొచ్చు అక్కా. కానీ రెండు పట్టింపులు. దూది పెడితే రజాయి అవుతుంది. బొంతంటే పాత చీరలూ పాత పంచెలూ పొరలు పొరలుగా వేసి కుట్టేది. "నడుమఁ బంచె పరచి" అనండి, గణం చెడదు. రెండోది పెద్దది. మీరు ముగించినవి పన్నెండు, మొదలుపెట్టింది ఒకటి. సమస్యలో ముగిసిందీ మొదలైందీ ఒకే బొంత. గంతకు తగ్గ బొంత కుదరాలి కదా.

గోరంట:
పంచె బాగుంది, కానీ నేను పరిచింది దూదే, అదే రాస్తాను. రెండో మాట ఒప్పుకుంటాను. ఒకటి మాత్రం చెప్పనివ్వండి. కుట్టు పడ్డాక చదరం ముడుచుకుంటుంది, ఒక్కోటీ ఒక్కోలా. అందుకని 14 అంగుళాలకు కోసి, కుట్టయ్యాక అన్నింటినీ 13కి సరిచేస్తాను. ముందే కొలతకు కోసుకుంటే అతుకులు ఎక్కడికక్కడ తప్పుతాయి. పైవైపు ఒక పట్టీ వేసి అతికి, వెనక మడతపట్టీతో ఆ కుట్టును కప్పి చేత్తో కుట్టుకుంటాను. పన్నెండు పూర్తయ్యాక కూడా ఇంత పని ఉంది కాబట్టే "మొదలు పెట్టె" అన్నాను.

పాలమూరోడు:
నాది గూడ చూడుండ్రి.

అంచు లూడి, కుట్టు లన్నియు విడిపోయి
చినిగినట్టి దానిఁ జలువ చీర
మడత నడుమ నుంచి, మరి సూది చేబట్టి
ముగిసినట్టి బొంత మొదలు పెట్టె.

మా అత్తమ్మ గిట్లనే చేస్తుండె. బొంత ఆయుష్షు తీరితే పారెయ్యకపోయేది. దాన్నే లోపల పెట్టి పైన ఇంకో చీర కప్పి మళ్ల కుట్టేది. ముగిసిందీ అదే, మొదలైందీ అదే. పినాకిని సారు లెక్క గూడ తప్పలే.

పినాకిని:
లెక్క తప్పలేదు, యతి తప్పింది. రెండో పాదం మొదటి అక్షరం "చి"కి మధ్యలో "చ" పడదు, హల్లు ఒకటైతే చాలదు, అచ్చూ కలవాలి. "చలువ" తీసి "చిలుక" పెట్టండి. "చినిగినట్టి దానిఁ జిలుక చీర". చిలకపచ్చ రంగు కూడా వస్తుంది.

పాలమూరోడు:
యతి తప్పు నాదే. కానీ సారూ, "సూది కన్నులోన సూర్యుడుండె" అని సమస్య ఇచ్చిన నాడు నేను "దార మెక్కకుండఁ దల్లి వాకిట నెత్తి" అని రాస్తే వట్టి వచనమన్నరు. దాంట్ల యతీ ఉంది, గణమూ ఉంది. అమ్మ సూదిని వెలుగుకెత్తి చూసుడు గూడ ఉంది. అది నాకు ఇంకా కెలుకుతనే ఉంది.

పినాకిని:
ఇప్పుడు చదివితే నాదే తొందరపాటు. ఆ పాదం మంచి పాదం.

మలెనాడు:
ధార్వాడ నుంచి నాదొకటి.

అంచు మడిచి కుట్టి యటనుండి నడిమికి
చుట్టి చుట్టి సూది చొచ్చుచుండ
సిద్ది ముదుసలొకతె చివరినే తొలిఁ జేసి
ముగిసినట్టి బొంత మొదలు పెట్టె.

మాకు పడమరన ఉత్తర కన్నడ జిల్లా, యల్లాపుర, హళియాళ వైపు ఆఫ్రికా మూలాల సిద్దీలు కుట్టే బొంతను కవంది అంటారు. మనం ఆఖర్న వేసే అంచు వాళ్ళకు మొదటి పని. అంచు నుంచి పేలిక మీద పేలిక వేస్తూ, వేసినదాన్ని వేసినట్టే అన్ని పొరలకూ కలిపి కుట్టుకుంటూ నడిమికి వస్తారు. కుట్టు వరసలు ఒకదానిలో ఒకటి చుట్లలా కనిపిస్తాయి. నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కోణపు గుడ్డలు పెడతారు, వాటిని ఫూల అంటారు. అవి పడితేనే కవంది నిండు.

గోరంట:
నేను ముక్కలు చేసి తిప్పలు పడుతున్న పనిని ఆవిడ ఒకే గుడ్డ మీద చేసేస్తోంది! "చివరినే తొలిఁ జేసి" దగ్గర ఆగిపోయాను. నా పద్యం కన్నా ఇది సమస్యకు దగ్గర.

నిర్వాహకురాలు:
నాకూ మలెనాడు గారిదే ముందు నిలిచింది. ముగింపు ముందే వచ్చే బొంత నిజంగా ఉందని తెలిశాక సమస్య విడిపోయింది. పాలమూరు అన్నా, రెండో పాదం సరిచేస్తే మీది దాని పక్కనే ఉంచుతాను.

పాలమూరోడు:
చిలుక అననీకి మనసొప్పుతలేదు. మా అత్తమ్మ చీర పచ్చది కాదు, నేరేడు రంగుది. ఉతికి ఉతికి ఎంత పల్చగైందంటే, వేలు పెడితే అవతల గోరు కనిపించేది. "జిలుగు" అంటె?

చినిగినట్టి దానిఁ జిలుగు చీర

పినాకిని:
నా చిలుక కన్నా ఇదే మేలు. ఉంచండి.