కోర్గ్ పీఏ700 కొనాలా, యమహా ఎస్‌ఎక్స్900 కొనాలా? రిథమ్ మొత్తం కీబోర్డే మోయాల్సినప్పుడు

శృతిపెట్టె:
ఆదివారం చర్చిలో ఆరాధనకూ, పెళ్ళి రిసెప్షన్లకూ ఒకే కీబోర్డు కావాలి. తబలా, ఢోలక్ వాయించేవాళ్ళు అన్నిసార్లూ దొరకరు. ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) మనిషీ లేడు. రిథమ్, బాస్, గిటార్ అన్నీ కీబోర్డు నుంచే రావాలి. చూస్తున్నవి కోర్గ్ పీఏ700, యమహా పీఎస్ఆర్ ఎస్‌ఎక్స్700, ఎస్‌ఎక్స్900. టోన్ అంటే యమహానే అని ఒకరంటారు, మన నాటు రిథమ్‌కి కోర్గే కరెక్టని ఇంకొకరంటారు. ఏది ఎంతవరకు నిజమో కారణాలతో చెప్పండి.

తీగరాగం:
ఎస్‌ఎక్స్900 తీసుకోండి. డబ్బు సరిపోకపోతే ఎస్‌ఎక్స్700. పెళ్ళిలో ఒక పాట అయ్యేలోపే ఇంకో పాట అడుగుతారు. అక్కడ కూర్చుని టోన్ చెక్కుకునే తీరిక ఎవరికీ ఉండదు. బటన్ నొక్కగానే వచ్చే టోన్ బాగుండాలి. యమహా సూపర్ ఆర్టిక్యులేషన్ ఫ్లూట్, శాక్సోఫోన్, నైలాన్ గిటార్ తీసుకోండి. నోట్లు కలిపి వాయిస్తే జారుడు దానంతటదే వస్తుంది, విడదీసి వాయిస్తే కొత్త ఊపిరితో మొదలవుతుంది. కుడిచేతిలో మెలోడీ నడిపేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? స్టైళ్ళలో (కార్డు పట్టుకుంటే కీబోర్డే వాయించే రిథమ్, బాస్, గిటార్ నమూనాలు) గిటార్ కూడా మెగా వాయిస్‌తో, అంటే స్టైళ్ళ కోసం చేసిన ప్రత్యేక టోన్లతో చేసినవి, స్ట్రమ్మింగ్ నిజంగా తీగ మీద చెయ్యి పడినట్టే ఉంటుంది. పాటకి సరిపడా టోన్లు, స్టైల్, టెంపో, ట్రాన్స్‌పోజ్ అన్నీ ఒక రిజిస్ట్రేషన్‌లో పెట్టుకుంటే ఒక్క బటన్‌తో పాట సిద్ధం. ఒక బ్యాంకుకి 10 బటన్లు.

నడక_మార్చు:
తీగరాగం గారు చెప్పిన టోన్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ అడిగినాయన సమస్య ఫ్లూట్ కాదు, ఢోలక్. ఏ కంపెనీ అరేంజర్ (ఇలా స్టైళ్ళు వాయించే కీబోర్డు) కొన్నా పెట్టెలోంచి తీసిన ఢోలక్ మన పాటకి నేరుగా అతకదు. దాన్ని మార్చుకోవాల్సిందే. ఎక్కడ, ఎంత సులువుగా మార్చుకోగలం అన్నదే అసలు ప్రశ్న, కోర్గ్ ముందుండేది అక్కడే.

పీఏ700లో సౌండ్ ఎడిట్ మోడ్ పూర్తిగా కీబోర్డులోనే ఉంది. డ్రమ్ కిట్ తెరిచి, ఏ కీ మీద ఏ శాంపిల్ (రికార్డు చేసిన అసలు దెబ్బ) ఉండాలో, ఎంత గట్టిగా కొడితే ఏది పలకాలో, పిచ్ ఎంత దింపాలో అక్కడే పెట్టుకోవచ్చు. డప్పు దెబ్బ వేవ్ ఫైలుగా ఉంటే యూఎస్‌బీలో తెచ్చి ఎక్కించుకోవచ్చు. ఢోలక్‌లో తెరిచిన దెబ్బ మోగుతుండగా మూసిన దెబ్బ పడితే మొదటిది ఆగిపోవాలి కదా, దానికి రెండు కీలనీ ఒకే ఎక్స్‌క్లూజివ్ గ్రూపులో పెడితే చాలు. ఈ ఒక్క పనితోనే సగం నకిలీతనం పోతుంది.

యమహాలో కీబోర్డు మీద దొరికేది వాయిస్ సెట్ మాత్రమే: ఫిల్టర్, ఎన్వలప్, ఎఫెక్టులు కొంచెం అటూ ఇటూ జరపడం. శాంపిల్ స్థాయిలో మార్చాలంటే కంప్యూటర్‌లో యమహా ఎక్స్‌పాన్షన్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ తెరవాల్సిందే.

తీగరాగం:
కంప్యూటర్ తెరవడం తప్పేమీ కాదు తమ్ముడూ, పెద్ద తెర మీద పని ఇంకా శుభ్రంగా అవుతుంది. శృతిపెట్టె గారూ, పద్ధతి ఇది. ముందు కీబోర్డు నుంచి ఇన్‌స్ట్రుమెంట్ ఇన్ఫో ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీయాలి. దాన్ని ఎక్స్‌పాన్షన్ మేనేజర్‌లో నమోదు చేసి, కావలసిన ప్యాకులకి (అదనపు టోన్లు, స్టైళ్ళ కట్టలు) టిక్ పెట్టి, ఇన్‌స్టాల్ ఫైలు తయారుచేసి, కీబోర్డు మెనూలో ఎక్స్‌పాన్షన్‌లోకి వెళ్ళి ఎక్కించాలి. ఒకసారి ఎక్కితే అది ఫ్లాష్ మెమరీలోనే ఉంటుంది, కీబోర్డు ఆపి వేసినా పోదు. ఎస్‌ఎక్స్900లో దీనికి సుమారు 1 జీబీ, ఎస్‌ఎక్స్700లో సుమారు 400 ఎంబీ చోటు.

చాలామంది బోల్తాపడేది ఒక్క చోట. కొత్త ప్యాకు ఎక్కిస్తే అది పాతదాని పక్కన చేరదు, పాతదాన్ని తుడిచేసి కూర్చుంటుంది. తబలా ప్యాకు ఉన్నవాళ్ళు తర్వాత స్ట్రింగ్స్ ప్యాకు ఒక్కదాన్నే ఎక్కిస్తే తబలా మాయం, దాన్ని వాడుకున్న రిజిస్ట్రేషన్లు కూడా వృథా. ప్రతిసారీ పాతవీ కొత్తవీ కలిపి ఒకే ఇన్‌స్టాల్ ఫైలుగా చేయాలి. ప్యాకుల అసలు ఫైళ్ళు కంప్యూటర్‌లో దాచుకోకపోతే తర్వాత కలపడానికి ఏమీ మిగలదు.

గోదారి_బీట్:
ఎడమచేతి తబలా గమకం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. మన రిథమ్‌కి ప్రాణం అదే. డ్రమ్ కిట్‌లో బాయా (ఆ ఎడమచేతి తబలా) దెబ్బ ఒక కీ మీద చచ్చినట్టు పడుంటుంది. గుంకీ (బాయా మీద వచ్చే ఆ జారుడు) కావాలని ఆ ట్రాకులో పిచ్ బెండ్ వేస్తే బాయాతో పాటు ఆ ట్రాకులో మోగుతున్న మంజీరా, తబలా అన్నీ వంగిపోతాయి. అందుకని బాయాని డ్రమ్ కిట్‌లోంచి బయటికి తీసి మామూలు వాయిస్‌గా చేయాలి, స్టైల్‌లో దానికి వేరే ట్రాకు ఇవ్వాలి. యమహాలో ఫ్రేజ్ 2, కోర్గ్‌లో ఖాళీగా ఉన్న ఏదో ఒక ఏసీసీ (అకంపనిమెంట్) ట్రాకు. బెండ్ ఆ ట్రాకు మీదే రికార్డు చేయాలి.

ఇక్కడే ఇంకో చిక్కు. ఆ ట్రాకులు కార్డు మారితే నోటు మార్చడానికే పుట్టినవి. సి మేజర్‌లో బాగా పలికిన బాయా ఎఫ్‌కి వెళ్ళేసరికి పైకెక్కి డమరుకంలా మోగుతుంది. యమహా స్టైల్ క్రియేటర్‌లో ఆ పార్టుకి కార్డును బట్టి నోటు ఎలా మారాలో చెప్పే సెట్టింగులు రెండు ఉంటాయి: ఎన్‌టీఆర్ దగ్గర రూట్ ఫిక్స్‌డ్, ఎన్‌టీటీ దగ్గర బైపాస్ పెట్టండి. కోర్గ్‌లో ఎన్‌టీటీని ఫిక్స్‌డ్‌లో నో ట్రాన్స్‌పోజ్ చేయండి. ఇక కార్డు ఏదైనా బాయా కదలదు.

రెండిట్లోనూ స్టైల్‌కి ఎనిమిదే ట్రాకులు, బాయాకి ఒకటి పోతే ఏడు. మన పాటలకి అవి చాలు.

నడక_మార్చు:
గోదారి_బీట్ గారు చెప్పినదానికి శాంపిల్ కత్తిరింపు కూడా కలపాలి. దెబ్బ ముందు నిశ్శబ్దం 20 మిల్లీసెకన్లు మిగిలినా రిథమ్ ఈడుస్తున్నట్టు అనిపిస్తుంది. 120 టెంపోలో పదహారో వంతు నోటు నిడివి మొత్తం 125 మిల్లీసెకన్లే, అందులో ఆరో వంతు ఆలస్యం అంటే మాటలా! "ఈ కీబోర్డులో ఢోలక్ లాగుతోంది" అని యంత్రాన్ని తిట్టేవాళ్ళు ముందు శాంపిల్ తెరిచి చూడాలి. అల మొదలయ్యే చోటికి ఆనించి కోయండి.

మిశ్ర నడకలో, అంటే 7/8లో స్టైల్ చేసేవాళ్ళకి ఒక మాట. కోర్గ్‌లో మీటర్ మార్చుకోగలిగేది స్టైల్ ఖాళీగా ఉన్నప్పుడే. 4/4లో నాలుగు బార్లు రికార్డు చేశాక గుర్తొస్తే మళ్ళీ మొదటికే.

శృతిపెట్టె:
మా దగ్గర పాత యమహా స్టైళ్ళు చాలా ఉన్నాయి. కోర్గ్ కొంటే అవి పనికొస్తాయా?

గోదారి_బీట్:
కోర్గ్ వాటిని నేరుగా తెరవదు. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ మార్చాక చేతిపని తప్పదు. అన్నిటికంటే ఘోరంగా పాడయ్యేది గిటార్. మెగా వాయిస్‌లో వెలాసిటీ (కీ ఎంత గట్టిగా కొట్టామన్న అంకె) అంటే శబ్దం పెద్దదీ చిన్నదీ కాదు, వాయించే తీరు. ఒక వెలాసిటీ పరిధిలో తెరిచిన తీగ, ఇంకో పరిధిలో మ్యూట్, మరోదాంట్లో హ్యామర్, స్లైడ్. సి6 నుంచి పైనున్న కీల మీద స్వరాలే ఉండవు, స్ట్రమ్ చప్పుళ్ళుంటాయి. అదే డేటాని కోర్గ్ మామూలు గిటార్‌కి ఇస్తే మ్యూట్ కావలసిన చోట గట్టిగా అరుస్తుంది, స్ట్రమ్ చప్పుడు రావలసిన చోట కీచుమనే నోట్లు వస్తాయి.

అందుకని గిటార్ ట్రాకులో సి6, దాని పై నోట్లన్నీ తీసేయండి. యమహా లెక్కలో సి6 అంటే మిడి నోటు 96. మిగిలినవాటి వెలాసిటీని 80 నుంచి 100 లోపుకి తెచ్చుకోండి. ఓపిక ఉంటే ఆ ట్రాకే కొట్టేసి కోర్గ్ గిటార్ మోడ్‌లో కొత్తగా చేసుకోండి, అది ఇంకా మేలు. డ్రమ్స్, బాస్ పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఇండియన్ ప్యాకు కిట్‌తో చేసిన స్టైల్ అయితే మాత్రం ఏ కీ మీద ఏ దెబ్బ ఉందో ఒక్కొక్కటి సరిచూసుకోవాలి.

సౌండ్‌డెస్క్:
మిక్సర్ దగ్గర కూర్చునేవాళ్ళ తరఫున కూడా ఒక మాట వినండి. ఎస్‌ఎక్స్900కి మెయిన్ అవుట్‌పుట్‌తో పాటు రెండు సబ్ అవుట్‌పుట్లు ఉన్నాయి. ఢోలక్, డ్రమ్స్ వాటిలోకి పంపితే మిక్సర్‌లో రిథమ్‌కి విడిగా ఫేడర్ దొరుకుతుంది. ఎస్‌ఎక్స్700లో అవి లేవు. పీఏ700లో ఎడమ, కుడి రెండే. హాలులో ఢోలక్ బూమ్ అంటుంటే బాస్ తగ్గించాలి, తగ్గిస్తే స్ట్రింగ్స్ కూడా సన్నబడతాయి. నా లెక్కలో రిథమ్ అంతా కీబోర్డే ఇచ్చే చోట ఎస్‌ఎక్స్900కి ఇది ఒక్కటే పెద్ద కారణం, టోన్లు కాదు.

పీఏ700తోనే సర్దుకోవాలంటే రిథమ్ ట్రాకుల ప్యాన్ (శబ్దం ఏ పక్కకి వెళ్ళాలన్న సెట్టింగు) పూర్తిగా ఎడమకి, మిగతావన్నీ కుడికి తిప్పండి. రెండు డీఐ బాక్సులు (కీబోర్డు సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టెలు), మిక్సర్‌లో రెండు మోనో ఛానళ్ళు. రివర్బ్ మాత్రం స్టీరియోలో తిరిగొచ్చి రెండు పక్కలకీ కారుతుంది, కాబట్టి రిథమ్ ట్రాకుల రివర్బ్ సెండ్ సున్నా చేసి రివర్బ్ మిక్సర్‌లోనే ఇవ్వాలి. లైటింగ్ లైను నుంచి కరెంటు తీసుకుంటే హమ్ వస్తుంది, డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కి చూడండి.

పాడేవాళ్ళకి వోకల్ హార్మొనీ (ఒక గొంతుకి తోడు గొంతులు కలపడం) కావాలంటే ఎస్‌ఎక్స్900లో ఉంది. ఎస్‌ఎక్స్700లోనూ పీఏ700లోనూ లేదు. కోర్గ్‌లో అది కావాలంటే పీఏ1000కి వెళ్ళాలి.

నడక_మార్చు:
అవుట్‌పుట్ల విషయంలో సౌండ్‌డెస్క్ గారి మాటకి తిరుగులేదు. అయినా శృతిపెట్టె గారికి నేను పీఏ700 అనే చెబుతాను, వారంలో రెండు గంటలు కూర్చుని రిథమ్‌లు తయారుచేసుకునే అలవాటు ఉంటే. లేదంటే ఎస్‌ఎక్స్900. ఎస్‌ఎక్స్700 మాత్రం వద్దు: సబ్ అవుట్‌పుట్లు లేవు, హార్మొనీ లేదు, పైగా 400 ఎంబీ ఇట్టే నిండిపోతుంది.

తీగరాగం:
మొదటి రెండూ సరే, మూడోది లెక్క వేసి చెప్పాలి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో శాంపిల్ ఒక సెకనుకి 88 కేబీ. ఢోలక్, తబలా, డప్పు కలిపి 40 దెబ్బలు, ఒక్కోదానికి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా అని మూడు పొరలు, ఒక్కోటి సెకనున్నర అనుకుందాం. మొత్తం 180 సెకన్లు, అంటే దాదాపు 16 ఎంబీ. 400 ఎంబీలో ఇది ఎంత? చోటు మింగేవి స్టీరియో పియానోలూ, పెద్ద స్ట్రింగ్స్ ప్యాకులూ. అవి కీబోర్డులో ముందే బాగున్నాయి, మళ్ళీ ఎక్కించనక్కర్లేదు. వోకల్ హార్మొనీ అవసరం లేని చిన్న చర్చికి, మిక్సర్‌లో రెండు ఛానళ్ళే ఖాళీ ఉన్న చోటికి ఎస్‌ఎక్స్700 చక్కగా సరిపోతుంది. సౌండ్‌డెస్క్ గారు చెప్పిన ఎడమ కుడి ప్యాన్ పద్ధతి దీనికీ పనిచేస్తుంది.

శృతిపెట్టె:
పెళ్ళిళ్ళలో మిక్సర్ వేరేవాళ్ళది, రిథమ్ విడిగా ఇవ్వాలనే ఎప్పుడూ అడుగుతారు. కాబట్టి ఎస్‌ఎక్స్900 వైపే మొగ్గుతున్నాం. బాయాని ఫ్రేజ్ 2లో పెడితే దాన్ని కూడా డ్రమ్స్‌తో పాటు సబ్ అవుట్‌కి పంపవచ్చా?

సౌండ్‌డెస్క్:
పంపవచ్చు. కీబోర్డు మెనూలో లైన్ అవుట్ పేజీలో స్టైల్ పార్టులు విడివిడిగా కనిపిస్తాయి. రిథమ్ 1, రిథమ్ 2తో పాటు ఫ్రేజ్ 2ని కూడా సబ్‌కి మార్చండి. తర్వాత హెడ్‌ఫోన్‌తో కాదు, మెయిన్ కేబుల్ పీకేసి సబ్ ఒక్కదాన్నే మిక్సర్‌లో వినండి. అందులో బాయా వినపడితే అన్నీ సరిగ్గా వెళ్తున్నట్టే.