బ్రేక్‌లోనే నల్ల బంతి పడితే గెలిచినట్టేనా?

నిన్న ఎంవీపీ కాలనీలో మా బావమరిదితో ఎయిట్ బాల్ (పూల్ టేబుల్ ఆట) ఆడాను. వాడు బ్రేక్ (ఆట మొదలెట్టే మొదటి దెబ్బ) కొట్టగానే నల్ల బంతి, అంటే 8, మూల పాకెట్‌లోకి జారిపోయింది. "అయిపోయింది బావా, టిఫిన్ నీదే" అన్నాడు. రెండు పెసరట్లు తిన్నాడు కూడా. అసలు రూల్ ఏటి?

↳ గెలుపూ కాదు, ఓటమీ కాదు. డబ్ల్యూపీఏ (పూల్ ఆటల ప్రపంచ సంఘం) అంతర్జాతీయ రూల్స్‌లో బ్రేక్ కొట్టినవాడి ఇష్టం: 8ని తిరిగి టేబుల్ మీద పెట్టించుకుని ఆడొచ్చు, లేదా మళ్లీ బ్రేక్ కొట్టొచ్చు. ఇంతకీ తెల్ల బంతి (కర్రతో కొట్టేది) కూడా పడిందా?

↳ మా గాజువాక బ్యాచ్‌లో గెలిచినట్టే లెక్క. ముందే మాట్లాడుకోవాలి గురూ.

↳ (అడిగినవాణ్ణే) తెల్లదీ పడింది! వాడు గభాల్న తీసేశాడు. ఒక చారల బంతి కూడా పడింది, చారలన్నీ తనవే అన్నాడు.

↳ తెల్లది పడితే ఛాయిస్ నీది: 8ని పెట్టించి హెడ్ లైన్ (బ్రేక్ కొట్టే వైపు గీత) వెనక నుంచి నువ్వే ఆడతావు, లేదా మళ్లీ బ్రేక్. ఎవరికి చారల బంతులు, ఎవరికి నిండు రంగువి అన్నది బ్రేక్‌లో తేలదు, టేబుల్ ఇంకా ఓపెనే. ఆట మధ్యలో 8తోపాటు తెల్లది పడితే మాత్రం కొట్టినవాడు ఓడినట్టే. పెసరట్ల డబ్బులు వసూలు చేసుకో!